అందరూ దిగాక దిగే అడ్మిరల్

అడ్మిరల్ జాబెజ్ పిన్నక్‌కి గర్వం ఎక్కువనీ, రేవు పడవ మన ఒడ్డుకి చేరాక అందరూ దిగేదాకా కదలకుండా కూచునేది మనలాంటి వాళ్ళతో కలిసి నడవడం ఇష్టం లేకేననీ, అందుకే తాళ్ళ సందులో ఇల్లు అమ్మేసి బాత్ ఊరు వెళ్ళిపోతున్నాడనీ గోస్పోర్ట్ అంతా చెప్పుకుంటున్నారు. ఈ మాట పుట్టింది రొట్టెల కొట్టు జెమైమా నోట్లో. ఆవిడ మొదటిసారి అన్నప్పుడు ఎదురుగా నిలబడి రొట్టె కొంటున్నది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. మర్నాడు చేపల దగ్గర అదే మాటని ఎవరో నాకే కొత్త సంగతిలా చెప్పారు. అప్పటికే దానికి తోక మొలిచింది. ఆయన ఒకప్పుడు ఓడని తీసుకెళ్ళి రేవుకి గుద్దాడట, అందుకని నౌకాదళం వాళ్ళు బయటికి పంపేశారట.

ఓడ గుద్దిన మాట నిజం. దాని సంగతి తర్వాత చెబుతాను. ఇల్లు అమ్మాలనుకున్న మాట కూడా నిజమే, అదే నాకు నిద్ర లేకుండా చేసింది. గర్వం మాట మాత్రం శుద్ధ అబద్ధం. అతను వెళ్ళిపోవాలనుకున్నది మనం తక్కువవాళ్ళమని కాదు. మనమే అతన్ని ఉండనివ్వలేదు.

నీకేం తెలుసని ఎవరైనా అంటారేమో. నేను చదివింది ఐదో తరగతే. కానీ ఆ ఐదు తరగతులూ జాబెజ్ పిన్నక్ పక్క బెంచీలోనే చదివాను. వాళ్ళమ్మ కెజయాకి చదువు రాదు. అతను నౌకాదళంలో చేరిన 1907 నుంచి ఆవిడ పోయిన 1943 దాకా, ముప్పై ఆరేళ్ళు, అతని ప్రతి ఉత్తరం ఆవిడకి చదివి పెట్టింది నేనే. ప్రతి జవాబూ రాసింది నేనే. అందుచేత ఆ మనిషి ఏ సముద్రంలో ఏ పూట ఏం తిన్నాడో అతని కన్నా నాకే బాగా గుర్తు.

కెజయా ఆఫీసర్ల చొక్కాలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది. వాళ్ళాయన బొగ్గు పడవల మీద పని చేసి, జాబెజ్‌కి ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. పద్నాలుగో నంబరు ఇంట్లో వీధి గుమ్మం నుంచి వెనక గుమ్మం దాకా తడి చొక్కాలు వేలాడుతుండేవి. వాటి మధ్యనుంచి వంగి వంగి నడిచి నడిచి ఆ పిల్లాడికి చిన్నప్పటినుంచీ కాస్త గూని. నౌకాదళంలో చేరతానని వెళితే డాక్టరు ఛాతీ చుట్టూ టేపు వేసి చాలదన్నాడట. ఇంకోసారి కొలవమని బతిమాలి ఊపిరి బిగబట్టాడు. బిగబట్టి, బిగబట్టి, కళ్ళు తిరిగి పడిపోయాడు. పడ్డవాడిని అలాగే పడుకోబెట్టి కొలిస్తే సరిపోయిందట. ఇంగ్లండ్ నౌకాదళంలో పడుకుని చేరిన అడ్మిరల్ ఇంకెవరూ లేరని మా ఆయన హెడ్లీ అంటాడు. హెడ్లీ ఫిరంగుల దగ్గర ఇరవై రెండేళ్ళు పని చేశాడు, అలాంటివి అతనికి తెలుస్తాయి.

మొదటి ఉత్తరంలో ఇలా రాశాడు: "అమ్మా, తెరచాప స్తంభం చివరిదాకా ఎక్కించారు. ఎక్కాను. దిగమన్నారు. అది నేర్పలేదు కదా అన్నాను. కొట్టారు. దిగడం వచ్చేసింది."

కెజయా అది మూడుసార్లు చదివించుకుంది. జవాబులో ఏం రాయమంటావంటే, "కాళ్ళు తడుపుకోవద్దని రాయవే" అంది. ఓడలో ఉన్నవాడికి కాళ్ళు తడుపుకోవద్దని రాశాను. రాసిన కాగితంలో కింద ఇంకా నాలుగు అంగుళాల జాగా మిగిలింది. వృథా చేయడమెందుకని, ఓడలో ఎలకలుంటాయా, మీ కెప్టెనుకి పెళ్ళయిందా అని అమ్మ అడుగుతోందని రాశాను. అప్పటినుంచి ఏ జవాబులోనైనా కింద ఆ నాలుగు అంగుళాలూ నావే. అతను చైనాలో ఉంటే అక్కడి ఆడవాళ్ళు గుడ్డతో బిగించి కట్టుకునే కాళ్ళ గురించి, టర్కీ వెళితే సుల్తాను గారి పెళ్ళాల లెక్క గురించి, ఏదున్నా అమ్మ అడుగుతున్నట్టే అడిగేదాన్ని. అతనూ ఓపిగ్గా అన్నిటికీ జవాబు రాసేవాడు.

మొదటి యుద్ధం వచ్చిన ఏడాది, మామూలు నావికుల్లోంచి తెలివైనవాళ్ళని ఏరి ఆఫీసర్లని చేశారు. ఆ ఏరినవాళ్ళలో జాబెజ్ ఉన్నాడు. ఆ ఉత్తరం చదివి వినిపించాను. కెజయా ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే మరిచిపోయింది. మాడిన వాసన వచ్చాక తీసి, "అయితే వాడి చొక్కాలు ఇప్పుడెవరు ఉతుకుతారే?" అంది.

ఎవరో ఉతుకుతారులే అన్నాను. ఆవిడకి మనసొప్పలేదు. ఊరందరి ఆఫీసర్లకీ గంజి పెట్టిన చేత్తో సొంత కొడుకు చొక్కాకి పెట్టకపోవడమా? చెబితే నమ్మరు గానీ, అప్పటినుంచి పదకొండేళ్ళు, మాల్టాలో ఉన్నా ఎక్కడున్నా, అతను మాసిన చొక్కాలు పార్సెల్ కట్టి తాళ్ళ సందుకి పంపేవాడు. వెళ్ళడానికి మూడు వారాలు, రావడానికి మూడు వారాలు. పద్దెనిమిది చొక్కాలుండేవి. ఆరు ఒంటి మీదికీ, ఆరు సముద్రం మీదికీ, ఆరు మా వీధి తీగల మీదికీ.

ఆఫీసరయ్యాక మొదటి విందులో జరిగిన సంగతి కూడా రాశాడు. రాజు గారి ఆరోగ్యం కోరుతూ గ్లాసు ఎత్తమన్నారట. మామూలు జనంలో పెరిగినవాడు, రాజు పేరు వినగానే చటుక్కున లేచి నిలబడ్డాడు. నౌకాదళం ఆఫీసర్లు రాజు గారికి కూచునే తాగుతారు. ఆ సంగతి ఇతనికి ఎవరూ చెప్పలేదు. పైన దూలం ఉంది. తల ఠంగుమని దానికి తగిలి, నెత్తురు కారి, మీగడ వేసిన పుడ్డింగు మీద పడింది. అప్పుడు కెప్టెను, "చూశారా, మనం కూచుని తాగేది ఇందుకే" అన్నాడట.

"తర్వాత ఆ పుడ్డింగు ఏం చేశారో అమ్మ అడుగుతోంది" అని నేను రాశాను. తిన్నామని జవాబొచ్చింది.

ఇక ఓడ గుద్దిన మాట. అప్పటికి అతను కమాండరు. చిన్న ఓడొకటి ఇచ్చి, ఒక సముద్రపు ఒడ్డు ఊళ్ళో పండగలాంటిదేదో ఉంటే వెళ్ళి జనానికి కనిపించి రమ్మన్నారు. ఊరి మేయరు మెడలో గొలుసు వేసుకుని రేవు మీద నిలబడ్డాడు. బాజాలు మోగుతున్నాయి. ఆ రేవు చివర చెక్కతో కట్టిన టీ గది ఉంది. గాలి ఒక్కసారి తిరిగింది. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: "అమ్మా, ఓడ ముక్కు కిటికీలోంచి టీ గదిలోకి వెళ్ళింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లోపల ఒక పెద్దావిడ కూచుని ఉంది. కప్పు కింద పెట్టలేదు. నా వైపు చూసి, ఇక్కడ ఖాళీ లేదండీ అంది."

నేను నవ్వలేక చచ్చాను. కెజయా నవ్వలేదు. "ఆవిడకి వేరే టీ ఇప్పించాడో లేదో అడుగు" అంది. ఇప్పించాడు. దానికి నౌకాదళం వాళ్ళు విచారణ చేసి, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని కాగితం ఇచ్చారు. అంతే. గెంటడం ఏమీ లేదు. ఆ తర్వాతే అతన్ని కెప్టెన్ని చేశారు. మరి జెమైమాకి ఈ సంగతి ఎలా తెలిసిందంటే, ముప్పై ఆరేళ్ళు నేను ఉత్తరాలు గట్టిగా చదివేదాన్ని, కెజయాకి చెవుడు వచ్చాక ఇంకా గట్టిగా చదివేదాన్ని, ఆ గోడకి అవతల రొట్టెల కొట్టు. ఆ మేరకు తప్పు నాదే.

రెండో యుద్ధంలో ఉత్తరాల్లో ఏమీ ఉండేది కాదు. సరుకు ఓడలకి కాపలాగా అట్లాంటిక్ దాటుతూ ఉండేవాడని తర్వాత తెలిసింది. మూడేళ్ళ పాటు "చలిగా ఉంది, బాగున్నాను" అన్న రెండు ముక్కలే. కెజయా వాటినీ మూడేసిసార్లు చదివించుకునేది. 43 ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. పోయే ముందు నన్ను పిలిచి, "వాడు వస్తాడు. వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించి గోడలు తడి పట్టకుండా చూడవే వీనీ" అంది. చూస్తానన్నాను. ఆ సంగతి నేను రాసిన ఉత్తరం అతనికి చేరడానికి ఏడు వారాలు పట్టింది. ఆ కాగితం కింద నాలుగు అంగుళాలూ ఖాళీగానే వదిలాను.

యుద్ధం అయిపోయింది. 46లో నా పేరు మీదే ఉత్తరం వచ్చింది. "వీనీ, నిన్న నన్ను అడ్మిరల్‌ని చేశారు. ఇవాళ రిటైర్ చేశారు." వేళాకోళం కాదు. నౌకాదళంలో అది పద్ధతి. ఓడల సమూహం ఇవ్వడానికి లేకపోయినా, బాగా పని చేసిన కెప్టెన్ని ఒక రోజు అడ్మిరల్‌గా ఉంచి, మర్నాడు ఇంటికి పంపుతారు. ఆ ఒక్క రోజూ ఏం చేశావురా అని తర్వాత అడిగాను. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను అన్నాడు.

మరుసటి ఏడు వసంతంలో పద్నాలుగో నంబరుకి వచ్చాడు. నాలుగేళ్ళు నేను పొయ్యి వెలిగించిన ఇల్లు. చేతిలో ఒక పెట్టె, ముక్కు కింద కొత్తగా మీసం. నౌకాదళంలో గడ్డం లేకుండా మీసం ఒక్కటీ పెంచుకోవడానికి వీల్లేదు, అందుకని ముప్పై తొమ్మిదేళ్ళు ఆగి పెంచుకున్నాడట. అది కూడా చెప్పుకోదగ్గ మీసమేం కాదు. గుమ్మంలో నన్ను చూసి, "అమ్మ పేరు చెప్పి సుల్తాను పెళ్ళాల లెక్క అడిగింది నువ్వే కదా" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఎలకలున్నాయా అని అడిగినప్పుడే. మా అమ్మకి ఎలకలంటే తెలియనిదేం ఉంది, ఇంట్లో ఉన్నవి చాలు."

ఇలాంటి మనిషికి గర్వమా?

మిగతా వీధికి మాత్రం అతను జాబెజ్ కాదు. తాళ్ళ సందులో మగాళ్ళంతా నౌకాదళంలో పని చేసి వచ్చినవాళ్ళే. మా ఆయన హెడ్లీ, తెరచాపలు కుట్టిన ఆంబ్రోస్, బొగ్గు గదుల్లో చెమటోడ్చిన పెద్ద సైలస్, ఇంకా ఎనిమిది మంది. అడ్మిరల్ సందులోకి రాగానే అందరి వెన్నెముకలూ నిటారుగా అయిపోతాయి. నీలి లంగరు బీరు కొట్టులోకి అతను అడుగు పెడితే అక్కడి గోలంతా ఆగిపోతుంది. కొట్టు యజమాని వెళ్ళి కుర్చీ తుడుస్తాడు. ఉన్న కుర్చీలన్నీ మురికిగానే ఉంటాయి, అతనికి తుడిచిన కుర్చీ ఒక్కటే ఊళ్ళో శుభ్రమైనది. అందులో ఒంటరిగా కూచుని, ఒక గ్లాసు తాగి, అందరికీ శుభరాత్రి చెప్పి వెళ్ళిపోతాడు. అతను వెళ్ళగానే మళ్ళీ గోల మొదలు.

పలకలో పుల్లలు గుచ్చుతూ ఆడే క్రిబ్ పేకాటంటే అతనికి ప్రాణం. చిన్నప్పుడు నాకు నేర్పింది కూడా అతనే, నేను గెలిస్తే జడ లాగేవాడు. హెడ్లీ క్రిబ్‌లో మా వీధికి పేరు తెచ్చినవాడు. ఇద్దరూ ఆడతారని మా ఇంటికి పిలిచాను. మొదటి రోజు అడ్మిరల్ గెలిచాడు. రెండో రోజు గెలిచాడు. ఆరు వారాలు వరసగా గెలిచాడు. ఒకసారి నేను హెడ్లీ వెనకాల నిలబడి పేక ముక్కలు చూశాను. గెలిచే ముక్క చేతిలో పెట్టుకుని, దాన్నే బల్ల మీద పారేశాడు.

అడ్మిరల్ వెళ్ళాక నిలదీశాను. "ఏంటయ్యా ఆ ఆట? నీ చేతిలో గెలుపుంటే పారేస్తావా?"

"ఆయన అడ్మిరలే."

"వాడు జాబెజ్. మూడో తరగతిలో నా పలక మీద ఉమ్మేశాడు."

"నీ పలక మీద ఉమ్మినప్పుడు అడ్మిరల్ కాదుగా" అన్నాడు.

ఆ తర్వాత జాబెజ్ మా ఇంటికి ఆటకి రావడం మానేశాడు. నడుం నొప్పి అన్నాడు. నడుం నొప్పి ఉన్నవాడు రోజూ రేవు పడవ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్స్‌మత్ వెళ్ళి వస్తాడా? అక్కడేం పని అని ఒకసారి వెంట వెళ్ళి చూశాను. ఏ పనీ లేదు. దిగి, రేవు గోడ దగ్గర నిలబడి, పైప్ వెలిగించి, మళ్ళీ పడవెక్కి వచ్చేస్తాడు.

పడవ గొడవ జరిగింది మొన్న సెప్టెంబరు శనివారం. నౌకాదళంలో ఒక నియమం ఉంది. పడవ ఎక్కేటప్పుడు చిన్నవాడు ముందు ఎక్కాలి, పెద్దవాడు చివర. దిగేటప్పుడు పెద్దవాడు ముందు దిగాలి, అతను దిగేదాకా మిగతావాళ్ళు కదలకూడదు. ఆ శనివారం మా సందు మగాళ్ళు పదకొండు మందీ పోర్ట్స్‌మత్‌లో పందెపు పావురాలు చూసి తిరిగొస్తున్నారు. అదే పడవలో అడ్మిరల్ కూడా ఉన్నాడు. నేనూ ఉన్నాను, సంచీలో రేషను చక్కెరతో.

మన ఒడ్డు వచ్చింది. అడ్మిరల్ లేవలేదు. ఆడవాళ్ళుంటే వాళ్ళు ముందు దిగాలని వాళ్ళమ్మ నేర్పింది. ఆడవాళ్ళం సగం మంది వెనకవైపు ఉన్నాం. మా ముందు పదకొండు మంది మగాళ్ళు దారికి అడ్డంగా గోడలా నిలబడ్డారు. అడ్మిరల్ దిగకుండా వాళ్ళు దిగరు. ఆడవాళ్ళు దిగకుండా అడ్మిరల్ దిగడు. మగాళ్ళు కదలకుండా మేం దిగలేం.

"దయచేసి మీరు నడవండి" అన్నాడు జాబెజ్.

"తమరు ముందు, సార్" అన్నాడు హెడ్లీ.

"ఆడవాళ్ళని పోనివ్వండి."

"తప్పకుండా, సార్. తమరు దిగగానే."

ఒడ్డు మీద అటు వెళ్ళాల్సినవాళ్ళు ఎనభై మంది, సైకిళ్ళతో, గంపలతో. పడవ నడిపే అతను పైనుంచి అరుస్తున్నాడు. "దిగేవాళ్ళు దిగండయ్యా, ఇది పడవా, చర్చి బెంచీలా?" పెద్ద సైలస్ పైకి చూసి, పడవలో అడ్మిరల్ ఉన్నాడన్నాడు. "ఉంటే ఉండనీ, నాకు టైము ఉంది" అని అతను గంట కొట్టి తాడు విప్పేశాడు.

మేమంతా మళ్ళీ పోర్ట్స్‌మత్ వెళ్ళాం. అక్కడ అయినా ఎవరైనా కదిలారా? లేదు, అక్కడా అదే వరస. "తమరు ముందు, సార్." "ముందు మీరు." మళ్ళీ గోస్పోర్ట్ వచ్చాం. నా సంచీలో కాగితం పొట్లం తడిసి చక్కెర కారుతోంది. మూడోసారి ఒడ్డు చేరేటప్పటికి నేను హెడ్లీ కోటు పట్టుకుని, "ఇప్పుడు నువ్వు దిగకపోతే నేను నిన్ను నీళ్ళలోకి దింపుతాను" అన్నాను. అతను దిగాడు. దిగాక మిగతా పదిమందీ దిగారు, తలలు వంచుకుని, యుద్ధంలో ఓడిపోయినట్టు. అందరి వెనకా జాబెజ్ దిగాడు. మొహం ఎర్రగా అయిపోయింది. నేరుగా ఇంటికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం మా వంటింట్లో పదకొండు మందినీ కూచోబెట్టి, ఇకమీదట పడవలో అడ్మిరల్ ఉన్నా లేనట్టే దిగాలని గట్టిగా చెప్పాను. ఆంబ్రోస్ కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. "నలభై ఏళ్ళ అలవాటు తల్లీ" అన్నాడు. "నాలుగు రోజుల్లో మానేస్తావు" అన్నాను. మానేశారు. అడ్మిరల్ వైపు చూడకుండా, పక్క చూపులు చూస్తూ దిగి పరుగెత్తుతారు. చూసేవాళ్ళకి వీళ్ళంతా ఆయన్ని వెలేసినట్టుంటుంది. ఆయన చివరిదాకా కూచుంటే ఆయన వీళ్ళని వెలేసినట్టుంటుంది. జెమైమాకి అంతకన్నా ఏం కావాలి?

అక్టోబరులో ఒక సన్నటి మనిషి టేపు పట్టుకుని పద్నాలుగో నంబరు కిటికీ కొలుస్తున్నాడు. నేను తెర తీసి చూసి, చేతులు తుడుచుకుని వెళ్ళాను.

"ఏం కొలుస్తున్నావు నాయనా?"

"ఇల్లు అమ్మకానికి వస్తోందండీ."

"ఎవరు చెప్పారు?"

"అడ్మిరల్ గారే. బాత్‌లో రిటైరైన ఆఫీసర్లుండే హోటల్లో గది తీసుకుంటున్నారు. అక్కడ ఇప్పటికే నలుగురు అడ్మిరల్స్ ఉన్నారట. నవంబరు ఒకటికల్లా కాగితాల మీద సంతకం."

నలుగురు అడ్మిరల్స్ ఒక గదిలో కూచుంటే ఎవరు ముందు లేవాలో తేల్చుకునేసరికి భోజనం చల్లారిపోతుంది. ఆ మనిషికి ఆ మాటే చెప్పాను. అతను టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. కెజయాకి ఇచ్చిన మాట గోడలకి తడి పట్టకుండా చూడటం వరకే. కొడుకు వచ్చాక కూడా ఇల్లు నిలబెట్టమని ఆవిడ అడగలేదు. అయినా ముప్పై ఆరేళ్ళు ఒక మనిషి ఉత్తరాలు చదివినదాన్ని, అతను నా కళ్ళ ముందే పెట్టె సర్దుకుపోతుంటే తెర వెనక నిలబడి చూడనా?

అడుగుదామని రెండుసార్లు తలుపు కొట్టాను. రెండుసార్లూ టీ ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడి పంపించాడు. ఇంట్లో అతను ఆఫీసరు. కదలడు. అందుకని నవంబరు ఒకటికి మూడు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం, నేను పోర్ట్స్‌మత్ వైపు రేవులో కాపు కాసి, అతనెక్కిన పడవే ఎక్కి పక్కన కూచున్నాను.

"ఏంటి వీనీ, నువ్విక్కడ?"

"చేపలు కొన్నాను" అన్నాను. నా చేతిలో చేపల్లేవు. అతను నా చేతుల వైపు చూశాడు.

అది ఓడల కార్ఖానా మొదటి జట్టు పని దిగే వేళ. పడవ నిండిపోయింది. గోస్పోర్ట్ వచ్చేసరికి జనమంతా ఒక్కసారి మా బెంచీ ముందునుంచి తోసుకుంటూ పోయారు. జాబెజ్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నాడు. ఒకావిడ పీతల గంప అతని మోకాలికి గుద్దింది. "చూసుకోవచ్చుగా" అని ఆవిడే కసిరింది. అతను క్షమించండి అన్నాడు. ఒక ముసలాయన అతని భుజం పట్టుకుని ఆసరాగా దాటాడు. ఆ వెనక నూనె మరకల చొక్కా వేసుకున్న మనిషొకడు, ముప్పై ఏళ్ళుంటాయి, భుజానికి సైకిలు తగిలించుకుని వచ్చి, "జరుగు తాతా, కాళ్ళు తియ్యి" అన్నాడు. జాబెజ్ కాళ్ళు తీసి, బెంచీ చివరికి జరిగాడు. చక్రం అతని టోపీని కింద పడేసింది. అతను వంగి తీసుకుని దులుపుకున్నాడు.

అతని మొహం నేను చూశాను. మీసం కింద నవ్వుతున్నాడు. టీ గదిలోకి ఓడ దూరిన ఉత్తరం రాసినప్పుడు ఆ మొహం ఎలా ఉండేదో నాకు అప్పుడు తెలిసింది.

పడవ ఖాళీ అయింది. పడవ నడిపే అతను పైనుంచి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ తిప్పుతారా ఏంటి అన్నట్టు నెత్తి కొట్టుకున్నాడు. నేను లేవలేదు.

"జాబెజ్, ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా?"

"తెలుసు. రొట్టె నేనూ కొంటాను."

"అందరూ దిగేదాకా ఇక్కడ కూచోవడం ఎందుకు? మా మధ్యనుంచి వెళ్ళిపోవడం ఎందుకు? ఇదివరకు అమ్మ పేరు చెప్పి అడిగాను. ఇప్పుడు నా పేరు మీదే అడుగుతున్నాను. ఉంటావా, పోతావా?"

అతను టోపీ పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను ఆఫీసరైన రోజునుంచి ఎక్కడికెళ్ళినా అందరూ నాకే దారి ఇచ్చారు వీనీ. ముప్పై ఏళ్ళ పైన నన్ను ఒక్కరూ జరగమనలేదు. ఇక్కడ కూచుంటే రోజుకి నలుగురైదుగురు అంటారు. మీ హెడ్లీని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను పేకాటలో చిత్తుగా ఓడించి, ఆ కుర్చీ నాది లేవరా అనమను. బాత్ వాళ్ళకి రాలేనని నేనే రాసేస్తాను. కింద నాలుగు అంగుళాలు నీకు వదులుతాను, ఏం అడగాలనిపిస్తే అది అడుగు."